మదనపల్లె మార్గరెట్: ఓటుకూ పట్టాకూ మధ్య

రాప్తాడు లాంటి మెట్ట ఊళ్ళో 1920లో ఓటు ఎవరికి ఉండేదో తెలియాలంటే కరణం దస్తరం విప్పాలి. ఆ ఏడాది నవంబరులో మద్రాసు శాసనమండలికి ఎన్నికలు జరిగాయి. పల్లెల్లో ఓటు భూమిని బట్టి వచ్చేది. రైతువారీ పట్టా తన పేరున ఉండాలి, ఆ భూమి విలువ సర్కారు లెక్కలో ఏడాదికి పది రూపాయలకు తగ్గకూడదు. గోదావరి కాలవల కింద ఉన్న రైతుకు ఇది పెద్ద షరతు కాదు, కొద్దిపాటి మాగాణి ఉంటే చాలు. మరి ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానే గొప్ప అనుకునే అనంతపురం ఎర్రనేలల్లోనో? జొన్న, కొర్ర, సజ్జ పండే మెట్ట చేలకు శిస్తు ఎకరాకు అణాల్లో ఉండేది. అణాలు పోగై పది రూపాయలు కావాలంటే ఎన్నో ఎకరాలుండాలి. కరువు నేల మీద పుట్టినవాడికి ఓటు కూడా కరువే అయింది.

ఇక ఆడవాళ్ళ సంగతి. నూరెకరాల పట్టా ఉన్నా, ఆడమనిషి పేరైతే ఓటర్ల జాబితాలోకి ఎక్కదు. అలా ఉన్న నిబంధనను ఎన్నికలైన ఐదు నెలల్లోపే, 1921 ఏప్రిల్ 1న, మద్రాసు శాసనమండలి తీర్మానం చేసి తీసేసింది. బ్రిటిషు ఇండియాలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం మనదే. బొంబాయి ఆ జూలైలో మన వెనక వచ్చింది. బెంగాలైతే అదే ఏడాది కాదని తోసిపుచ్చి, 1925లో గానీ ఒప్పుకోలేదు.

ఆ తీర్మానం వెనక నాలుగేళ్ళ పని ఉంది. ఆ పనిలో సగభాగాన్ని మోసిన మనిషి మన రాయలసీమలో కాపురమున్న ఐరిష్ ఆవిడ. పేరు మార్గరెట్ కజిన్స్. మదనపల్లెలో ఆమె పేరెత్తితే అందరూ 'జనగణమన' సంగతి చెబుతారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడి థియోసాఫికల్ కళాశాలకు వచ్చినప్పుడు ఆ పాటకు స్వరాలు రాసి పెట్టింది ఆమేనని. నిజమే, అది మన గర్వం. కానీ ఆ పాట ఆమె జీవితంలో కొద్ది రోజుల పని. ఓటు ఆమె జీవితమంతా చేసిన పని. సంగీతం టీచరుగా గుర్తుపెట్టుకుని, మూడుసార్లు జైలుకెళ్ళొచ్చిన ఉద్యమకారిణిగా మరిచిపోవడం ఆమెకు మనం చేసిన అన్యాయమని నా నమ్మకం. అందుకే ఈ భాగం ఆమెది.

పుట్టింది 1878 నవంబరు 7న, ఐర్లండ్‌లో రాస్‌కామన్ జిల్లా బాయిల్ అనే చిన్న పట్నంలో. పుట్టింటి పేరు మార్గరెట్ గిలెస్పీ. ఆ సంవత్సరం మన వైపు పెద్దలకు బాగా తెలిసిన సంవత్సరం. 1876లో మొదలైన ధాత కరువు దత్తమండలాలను ఊడ్చేసి అప్పుడప్పుడే తెరిపిస్తోంది. అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలో భాగం, సొంత జిల్లా అయింది 1882లో. ఐర్లండ్ కూడా అంతకు ముప్పై ఏళ్ళ కిందట బంగాళాదుంప తెగులుతో లక్షల మందిని పోగొట్టుకున్న నేలే. రెండు చోట్లా ఆకలిని చూస్తూ పన్ను లెక్కలు రాసుకున్న సర్కారు ఒక్కటే. తర్వాత ఆమె ఇక్కడి వాళ్ళతో అంత సులువుగా కలిసిపోవడానికి ఇదొక కారణమని అనుకుంటాను.

డబ్లిన్‌లో సంగీతం చదివి పట్టా పుచ్చుకుంది. 1903లో జేమ్స్ కజిన్స్ అనే కవిని పెళ్ళాడింది. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ మహిళల ఓటుహక్కు సంఘం పెట్టింది. విన్నపాలు, సభలు, ఊరేగింపులు అన్నీ అయ్యాయి. లండన్ ప్రభుత్వం వినలేదు. 1910 నవంబరులో ఆమె లండన్ వెళ్ళి ప్రధానమంత్రి ఇల్లు, 10 డౌనింగ్ స్ట్రీట్, దాని కిటికీల మీదికి రాళ్ళు విసిరింది. హాలోవే జైల్లో నెల రోజులు పెట్టారు. 1913 జనవరిలో మళ్ళీ అదే పని, ఈసారి డబ్లిన్ కోటలో. మళ్ళీ నెల రోజులు, టలమోర్ జైలు. దొంగలతో పాటు కాదు, రాజకీయ ఖైదీలుగా చూడండని తోటి ఖైదీలతో కలిసి అన్నం మానేసింది. సర్కారు దిగొచ్చింది.

సంగీతం నేర్చిన వేళ్ళతో రాయి పట్టుకున్న ఈ మనిషి 1915లో భర్తతో కలిసి మద్రాసులో దిగింది. అనీబిసెంట్ నడిపే 'న్యూ ఇండియా' పత్రికలో జేమ్స్‌కు ఉద్యోగం. ఏడాది తిరక్కుండానే, 1916 ఈస్టరు నాటి డబ్లిన్ తిరుగుబాటును మెచ్చుకుంటూ ఆయన రాసిన వ్యాసం అచ్చయింది. యుద్ధకాలం, సర్కారు గుర్రుగా ఉంది. పత్రికలో ఉద్యోగం పోయింది. అనీబిసెంట్ ఆయన్ని మదనపల్లె కళాశాలకు పంపింది. ఒక ఐరిష్ తిరుగుబాటు అలా మన సీమకు ఓటు ఉద్యమాన్ని తెచ్చిపెట్టింది.

మదనపల్లె అప్పటికి ఐదేళ్ళ కిందటే కడప జిల్లా నుంచి చిత్తూరులోకి మారిన తాలూకా. అనంతపురం వాళ్ళకు దూరపు ఊరేం కాదు, ధర్మవరం నుంచి పాకాల వెళ్ళే రైలెక్కితే కదిరి దాటాక మదనపల్లె రోడ్డు స్టేషన్. ఆ ఊళ్ళో మార్గరెట్ కళాశాలలో పాఠాలు చెబుతూ, అధ్యాపకుల ఇళ్ళలోని ఆడవాళ్ళను పోగుచేసి 'అబలా అభివర్ధినీ సమాజం' పెట్టింది. ఇంటి గడప దాటడమే పెద్ద విషయమైన రోజుల్లో పది మంది ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని చదువు గురించీ పిల్లల గురించీ మాట్లాడుకోవడం చిన్న సంగతి కాదు. డబ్లిన్‌లో కిటికీలు పగలగొట్టిన మనిషి ఇక్కడ అలాంటి పనేమీ తలపెట్టలేదు. ఇక్కడి ఆడవాళ్ళు ఏం అడుగుతారో వినడంతో మొదలుపెట్టింది. నాకు ఆమెలో అన్నిటికంటే నచ్చే గుణం అదే.

1917 మే 8న అడయారులో భారత మహిళా సంఘం పుట్టింది. అనీబిసెంట్ అధ్యక్షురాలు. మార్గరెట్, డొరతీ జినరాజదాస, అమ్ము స్వామినాథన్ వంటివారు కార్యదర్శులు. మదనపల్లె సమాజం లాంటి చిన్న చిన్న గుంపులే దానికి పునాది. తర్వాత 'స్త్రీధర్మ' అనే పత్రిక కూడా నడిపారు.

ఆ ఏడాది ఆగస్టు 20న లండన్ నుంచి ప్రకటన వచ్చింది, భారతీయులకు క్రమంగా బాధ్యతాయుత పాలన ఇస్తామని. దాని మంచిచెడ్డలు చూడటానికి భారత వ్యవహారాల మంత్రి ఎడ్విన్ మాంటేగు తానే వస్తున్నాడు. ఊరూరా సంఘాలవాళ్ళు విన్నపాలు సిద్ధం చేసుకుంటున్నారు. మార్గరెట్ కూడా మహిళల తరఫున కలవడానికి అనుమతి కోరుతూ రాసింది. ఆ ఉత్తరంలో మొదట ఉన్నది ఆడపిల్లల చదువు, ఆరోగ్యం, సంఘ సంస్కరణ. జవాబు వచ్చింది: మంత్రి రాజకీయ విషయాల మీద వచ్చే బృందాలనే కలుస్తారు.

ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవాళ్ళు. మార్గరెట్ మళ్ళీ కలం తీసుకుంది. రాజకీయమే కావాలంటే రాజకీయమే రాద్దాం. కొత్త పాలనలో ఓటుహక్కు నిర్ణయించేటప్పుడు మహిళలను కూడా ప్రజలుగానే లెక్కించాలి, మగవాళ్ళకు ఏ షరతులో వాళ్ళకూ అవే షరతులు ఉండాలి అన్న కోరిక విన్నపంలో చేరింది. భారతదేశంలో మహిళల ఓటు కోసం సర్కారు ముందుకెళ్ళిన మొదటి వ్యవస్థీకృత కోరిక ఇలా, ఒక గుమాస్తా జవాబుకు ఎదురుజవాబుగా, కాగితం మీదికి ఎక్కింది. 1917 డిసెంబరు 18న మద్రాసులో సరోజినీ నాయుడు ముందు నడవగా మహిళల బృందం మాంటేగును కలిసింది. ముందు నిలబడింది మన హైదరాబాదు సరోజిని. ముసాయిదా రాసిన మార్గరెట్ వెనక నిలబడింది.

తర్వాత జరిగింది గట్టి పోరు. 1918లో కాంగ్రెస్ ప్రత్యేక సమావేశం బొంబాయిలో మహిళల ఓటును సమర్థించింది. అయినా ఓటుహక్కు విచారణకు వచ్చిన సౌత్‌బరో కమిటీ, ఈ దేశపు సంఘ పరిస్థితుల్లో అది తొందరపాటు అని తేల్చేసింది. పరదా ఉంది, చదువు లేదు, ఆడవాళ్ళు అడగడం లేదు అన్నవి వాళ్ళ సాకులు. అడిగినవాళ్ళ సంతకాలు మాత్రం ముందరే ఉన్నాయి. 1919లో సరోజిని, అనీబిసెంట్, బొంబాయి నుంచి హీరాబాయి టాటా, ఆమె కూతురు మిఠన్ లండన్ వెళ్ళి పార్లమెంటు కమిటీ ముందు వాదించారు. పార్లమెంటు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఏ రాష్ట్రానికారాష్ట్రం శాసనమండలిలో తేల్చుకోండి అని వదిలేసింది. 1918లో తమ దేశంలోనే ముప్పై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకు గానీ ఓటివ్వని పార్లమెంటు అది.

అలా బంతి మద్రాసుకు వచ్చింది, 1921 ఏప్రిల్ 1న తీర్మానం గెలిచింది. 1923 ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రంలో ఆడవాళ్ళు మొదటిసారి ఓటేశారు. ఇక్కడ ఆగి మళ్ళీ రాప్తాడు వైపు చూడాలి. అక్కడ ఓటు ఎవరికొచ్చింది?

మగవాళ్ళకున్న షరతులే ఆడవాళ్ళకూ అన్నారు. మగవాళ్ళ షరతు పట్టా. అప్పటి హిందూ ధర్మశాస్త్రం ప్రకారం ఉమ్మడి కుటుంబంలో కొడుకు పుట్టగానే భాగస్థుడు. కూతురికి, కోడలికి భూమిలో వాటా లేదు. పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్ళు ఇచ్చిన చెక్క ఉంటే ఉన్నట్టు. అది కాక ఆడమనిషి పేరున పట్టా రావాలంటే మొగుడు పోవాలి, కొడుకు లేకుండా ఉండాలి, మరుదులతో భాగం అప్పటికే అయిపోయి ఉండాలి. అప్పుడైనా ఆ భూమి బతికున్నంత కాలం అనుభవించడానికే, ఇష్టమొచ్చినట్టు అమ్మడానికి వీల్లేదు. పది రూపాయల విలువ సరే సరి. అంటే మన మెట్ట పల్లెల్లో మొదటి మహిళా ఓటరు చాలావరకు భూమున్న వితంతువు. పండక్కి పసుపు కుంకుమలు అందని మనిషి, శుభకార్యంలో ఎదురు రావద్దన్న మనిషి, పోలింగ్ కేంద్రంలో మాత్రం ఊరి పెద్దరెడ్డితో సమానం. చట్టం ఆమెకు గౌరవం ఇచ్చినట్టా, ఆమె పోగొట్టుకున్నదాన్ని లెక్కగట్టినట్టా? చేలో కలుపు తీసే కూలి ఆడవాళ్ళకైతే ఈ జాబితాతో సంబంధమే లేదు. వాళ్ళ మొగుళ్ళకే లేదు.

ఈ లొసుగు మార్గరెట్‌కు తెలియదని నేను అనుకోను. సమాన షరతులు అన్నది గెలవడానికి వీలైన కోరిక. ఆడవాళ్ళకు అర్హత లేదు అన్న మాటను ముందు చట్టంలోంచి తీసేయించాలి, తలుపు కొంచెమైనా తెరుచుకోవాలి అన్నది ఆమె ఎత్తు. ఆ రోజుల్లో అదే సరైన ఎత్తు అని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ తలుపు సందులోంచి దూరగలిగినవాళ్ళు పిడికెడు మందేనన్నది కూడా చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్టు.

1920ల తొలినాళ్ళలో మద్రాసు సర్కారు మార్గరెట్‌ను సైదాపేటలో గౌరవ మేజిస్ట్రేటుగా నియమించింది. ఈ దేశంలో ఆ పదవిలో కూర్చున్న మొదటి మహిళ ఆమె. 1926లో ఆడవాళ్ళు శాసనమండలికి పోటీ చేయవచ్చన్నారు. మార్గరెట్ వెంటనే మంగళూరుకు పరిగెత్తింది, కమలాదేవి ఛటోపాధ్యాయను పోటీకి నిలబెట్టడానికి. కమలాదేవి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. తర్వాత సర్కారు నియమించిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి శాసనమండలిలో అడుగుపెట్టి ఉపాధ్యక్షురాలైంది. 1927 జనవరిలో పూనాలో అఖిల భారత మహిళా సమావేశం మొదలవడానికి దేశమంతా ఉత్తరాలు రాసింది మార్గరెటే. అధ్యక్ష పీఠం మీద మాత్రం బరోడా మహారాణి చిమ్నాబాయిని కూర్చోబెట్టింది. ఆ పీఠం తనకు 1936లో గానీ రాలేదు.

1932లో సర్కారు ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా మద్రాసులో బహిరంగంగా మాట్లాడినందుకు ఆమెకు ఏడాది శిక్ష పడింది. ఒకప్పుడు తాను న్యాయం చెప్పిన సర్కారే తనను వేలూరు ఆడవాళ్ళ జైలుకు పంపింది. అప్పటికి వయసు యాభై నాలుగు. లండన్, టలమోర్, వేలూరు: మూడు దేశాల జైళ్ళ తలుపులూ చూసిన మనిషి ఆమె. జామీను ఇచ్చి బయటుండే దారి ఉన్నా ఒప్పుకోలేదు.

ఆమె జైలుకెళ్ళే నాటికి ఉద్యమం ఆమె రాసిన ముసాయిదాను దాటిపోయింది. 1931లో దేశంలోని పెద్ద మహిళా సంఘాలు మూడూ కలిసి కొత్త విన్నపం రాశాయి. ఆస్తి వద్దు, చదువు షరతు వద్దు, వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు కావాలి. ఆడవాళ్ళకు ప్రత్యేక సీట్లు కూడా అక్కర్లేదు అన్నారు. సర్కారు మళ్ళీ సగమే విన్నది. 1935 చట్టంలో ఆస్తి ఉన్నవాడి భార్యకూ, చదవను రాయను వచ్చిన ఆడవాళ్ళకూ ఓటిచ్చింది. దేశం మొత్తం మీద అరవై లక్షల మంది ఆడవాళ్ళు జాబితాకెక్కారు, సుమారుగా ఐదుగురు మగవాళ్ళకు ఒకరు. వితంతువుతో పాటు ముత్తైదువకూ ఓటొచ్చింది, అదీ మొగుడి పట్టా నీడలో. అక్షరం రాని రాప్తాడు కూలిమనిషి అప్పుడూ బయటే ఉంది.

1943లో మార్గరెట్‌కు పక్షవాతం వచ్చింది. పిడికిలి బిగించి మాట్లాడిన మనిషి మంచానికి అతుక్కుపోయింది. భార్యాభర్తలిద్దరూ తమ జీవితాలను ఒకే పుస్తకంగా రాసుకుని 1950లో అచ్చువేశారు. అదే ఏడాది జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది, ఇరవై ఒక్కేళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు రాసిచ్చింది. పట్టా అడగలేదు, సంతకం అడగలేదు, మొగుడెవరని అడగలేదు. పేరు మాత్రం అడిగింది. ఆ ఒక్కదానికే ఉత్తరాదిలో లక్షల మంది ఆగిపోయారు. ఫలానావాడి పెళ్ళాన్ని, ఫలానావాడి తల్లిని అన్నారు తప్ప సొంత పేరు చెప్పలేదు. అలాంటి పేర్లు దాదాపు 28 లక్షలు జాబితాల్లోంచి కొట్టేయాల్సి వచ్చింది. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ కఠినంగా ఉన్నాడని కొందరన్నారు. నాకైతే ఆయన చేసింది సరైన పనే. తర్వాతి ఎన్నికకు ఆ ఆడవాళ్ళ పేర్లు పేర్లుగానే రావాలంటే వేరే మార్గం లేదు.

1952 తొలి ఎన్నికల్లో అనంతపురం శాసనసభ పోటీ మద్రాసు రాష్ట్రమంతా చూసిన పోటీ. కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి, తన బంధువే అయిన కాంగ్రెస్ నాయకుడు నీలం సంజీవరెడ్డిని ఓడించాడు. సంజీవరెడ్డి తర్వాత రాష్ట్రపతి అయ్యాడు. ఆ గెలుపు గురించి పుస్తకాలున్నాయి, కథలున్నాయి. ఈ చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు, భూమున్నవాళ్ళూ లేనివాళ్ళూ, ఒకే వరసలో నిలబడి ఓటేసిన మొదటి శాసనసభ ఎన్నిక కూడా అదేనన్న మాట వాటిలో తక్కువగా వినిపిస్తుంది. మార్గరెట్ అప్పటికి బతికే ఉంది. 1954 మార్చి 11న అడయారులో కన్నుమూసింది. అంతకు ఐదు నెలల ముందే, 1953 అక్టోబరు 1న, ఆమె మదనపల్లె ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది.

ఓటు పట్టాను వదిలి వచ్చేసింది. పట్టా మాత్రం ఆడవాళ్ళ దగ్గరికి అంత తొందరగా రాలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి సొంత ఆస్తిలో కూతురికి వాటా ఇచ్చినా, ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా నిలబెట్టలేదు. ఆ పని ముందుగా తలపెట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, పుట్టుకతోనే కూతురు భాగస్థురాలు అన్నది. అప్పటికే పెళ్ళైపోయిన కూతుళ్ళకు మాత్రం అది వర్తించలేదు. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. మార్గరెట్ కోరిన సమాన షరతులు భూమి దగ్గరికి చేరడానికి ఆమె విన్నపం రాసిన నాటి నుంచి ఎనభై ఎనిమిదేళ్ళు పట్టింది.

రాప్తాడు పేరుతో శాసనసభ నియోజకవర్గం ఏర్పడి మొదటి ఎన్నిక జరిగింది 2009లో. గెలిచింది మహిళ, పరిటాల సునీత. పార్టీల గొడవల్లోకి నేను పోను, ఈ ధారావాహిక పని అది కాదు. 1920లో పది రూపాయల పట్టా ఉన్న మగవాడికే ఓటున్న పల్లెలు, తమ పేరు పెట్టుకున్న నియోజకవర్గానికి మొదటి శాసనసభ్యురాలిగా ఆడమనిషిని ఎన్నుకున్నాయన్నది మాత్రం ఈ కథలో రాయవలసిన తేదీ. అదే మండలంలో ఇప్పటికీ బుడ్డలు పీకే ఆడవాళ్ళలో ఎంతమంది పేరున పాస్‌బుక్కు ఉందో రెవెన్యూ కార్యాలయంలో ఎవరైనా అడిగి చూడవచ్చు. ఓటర్ల జాబితాలో ఆడవాళ్ళ వరస ఎంత పొడుగో, పట్టాదారు కాలమ్‌లో ఆ వరస ఎంత పొట్టో కళ్ళారా కనబడుతుంది.

వచ్చే భాగంలో 1926 మంగళూరు పోటీ సంగతి: నామినేషన్ వేయడానికే వెనకాడిన ఇరవై మూడేళ్ళ కమలాదేవి, ప్రచారానికి దొరికిన కొద్ది రోజులు, ఓడిన తర్వాత ఆమె చేసిన పని.